బోర్డు మీది ఇరవై రెండు

ఆ ఏడాది దసరా సెలవులయ్యాక మా నాయిన కళ్లకు పరీక్ష జరగాల్సింది. జరగలేదు. జరిగి ఉంటే ఈ కథే లేదు. బస్సు హారన్ వింటే ఇప్పటికీ నా గుండె దడదడలాడే జబ్బూ ఉండేది కాదు.

డెబ్బై మూడో సంవత్సరం సంగతి ఇది. మా నాయిన ప్రభాకర్ మెదక్‌లో బడి బస్సు డ్రైవరు. పాపన్నపేట వైపు పల్లెల నుంచి ముప్పై రెండు మంది పిల్లల్ని పొద్దున తెచ్చి, సాయంత్రం దింపి వచ్చేవాడు. నా పేరు ఎలిశిబా, నేను అదే బడిలో లెక్కలు చెప్పేదాన్ని. మేమున్న రెండు గదుల ఇల్లు కూడా డ్రైవరుకని బడి ఇచ్చిందే. ఆ బడి పెట్టినవాడు ఇంద్రకరణ్ సారు. ఖిల్లా గుట్ట కింద ఉన్న విలువిద్య క్లబ్బుకు ప్రెసిడెంటు కూడా ఆయనే.

విలువిద్య క్లబ్బు అంటే నవ్వకండి. ఎప్పుడో ఇంగ్లండుకు వెళ్లిపోయిన ఒక దొర ఆరు విల్లులు, ఒక లెక్కల పుస్తకం వదిలిపోయాడు. ఆయన కారు నడిపింది మా నాయినే, ఆయన దగ్గర బాణం వేయడం నేర్చుకుందీ మా నాయినే. దొర పోయాక ఊళ్లో పదిహేను మంది ఆ ఆట పట్టుకున్నారు. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక, అన్నం తిని, నాయినా నేనూ గుట్ట కిందికి పోయేవాళ్లం. ఆయన వేసేవాడు, నేను మార్కులు రాసేదాన్ని.

ఆ లెక్క నాకు నేర్పింది నసీరుద్దీన్ సాబ్. భూముల సర్వేలో పనిచేసి రిటైరైన మనిషి, క్లబ్బు సెక్రటరీ. అంకె తప్పు రాస్తే అన్నం మానేసేంత పట్టింపు ఆయనకు.

ఆటగాడి సత్తాను కొలిచే హ్యాండీక్యాప్ అంటే ఒక అంకె, అంతే. సున్నా నుంచి నూరు దాకా ఉంటుంది. ఎంత చిన్నదైతే అంత మొనగాడు. ఆదివారం ఒక్కొక్కరు డెబ్బై రెండు బాణాలు వేయాలి. అరవై గజాల నుంచి రెండు డజన్లు, యాభై నుంచి రెండు, నలభై నుంచి రెండు. వచ్చిన మార్కులను దొర పుస్తకంలోని పట్టికలో వెతికితే ఆ రోజుకు మన అంకె దొరుకుతుంది. కొత్తగా చేరినవాడికి మొదటి మూడు ఆటల సగటే హ్యాండీక్యాప్. ఆ తర్వాత ఏ రోజైనా అంతకంటే బాగా వేస్తే పాతదీ కొత్తదీ కలిపి సగం చేస్తాం. నాయినది ఇరవై నాలుగు ఉండగా ఒక ఆదివారం ఇరవై వేశాడు, ఇరవై రెండయ్యాడు. క్లబ్బులో అంత చిన్న అంకె ఇంకెవరికీ లేదు.

పోటీ రోజు ఎవరి అంకెకు తగ్గట్టు వాళ్లకు మార్కులు కలుపుతారు. పెద్ద అంకెవాడికి ఎక్కువ, చిన్న అంకెవాడికి కొంచెం. అందుకే నిరుడు సైకిల్ షాపు అస్గర్, సగం బాణాలు గడ్డిలో పారేసేవాడు, తన మామూలు కంటే ఒక మెట్టు బాగా వేసి మా నాయిన మీద కప్పు ఎత్తుకుపోయాడు. మనిషి పక్కవాడితో కాదు, తనతోనే పోటీ పడాలన్నమాట. నాకు ఆ లెక్క మస్తు నచ్చేది.

అందులో ఒక మెలిక ఉంది. బాగా వేస్తే అంకె తగ్గుతుంది గానీ, పాడుగా వేస్తే సీజను ముగిసేదాకా పెరగదు. ఎందుకని నేను సాబ్‌ను అడిగాను.

"మనిషికి ఒకరోజు జరం వస్తది, ఒకరోజు ఇంట్ల కొట్లాటైతది. గంతమాత్రానికి బోర్డు మీద ఇజ్జత్ తీస్తమా బేటీ? ఫిబ్రవరి ఆఖర్ల అందరి లెక్క సరిచేస్తం. అందాక పెంచేది లేదు" అన్నాడాయన.

కాబట్టి నా పుస్తకంలో రెండు వరుసలుండేవి. ఇంకుతో రాసేది మనిషి హ్యాండీక్యాప్. పెన్సిల్‌తో రాసేది ఆ రోజు వేసిన దాని అంకె. ఇంకు వరుస క్లబ్బు బోర్డుకెక్కుతుంది, ఊరంతా చూస్తుంది. పెన్సిల్ వరుస చూసేది నేనొక్కదాన్నే.

అక్టోబరులో మొదటి ఆదివారం. ఇంద్రకరణ్ సారు క్లబ్బులో కుర్చీలో కూర్చుని బడి ఫైళ్లు తిరగేస్తూ నాయినను పిలిచాడు.

"ప్రభాకరూ, నీ కండ్ల కాగితం ఈ ఏడు ఇంకా రాలేదేంది?"

"రేపు దవాఖానకు పోయి తెస్త సార్."

"ఎందుకోయ్ పోవుడు?" సారు బోర్డు వైపు చెయ్యి చూపించాడు. మొదటి గీత మీద నాయిన పేరు, పక్కన ఇరవై రెండు. "అరవై గజాల కాడ పళ్లెమంత పసుపు చుక్కల బాణం దించేటోనికి గోడ మీది అచ్చరాలు సదివిపిస్తరా? బస్సు ఒకపూట ఆపి పిల్లలను పరేషాన్ చేసుడు తప్పితే! తే, నేనే రాసిస్త."

కాగితం తీసి, చూపు బాగున్నది అని రాసి, సంతకం పెట్టి ఫైలులో పెట్టేశాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ రోజు నాయిన వేసిన దాన్ని పట్టికలో వెతికితే ఇరవై ఏడు వచ్చింది. పెన్సిల్‌తో ఇరవై ఏడు రాసి, ఇంకుతో ఇరవై రెండు రాశాను. తర్వాతి వారం ముప్పై ఒకటి. తాడు సాగింది అన్నాడు. కొత్త తాడు పేనుకుని మైనం రాశాడు, ముప్పై వచ్చింది. చూశావా అన్నాడు. నవంబరులో ముప్పై ఆరు. గాలి ఎక్కువుంది అన్నాడు. గాలి లేదు. నా పుస్తకంలో కాగితం కూడా కదలలేదు.

ఒకప్పుడు బాణం వదలగానే "ఎరుపు", "పసుపు" అని తనే రంగు చెప్పేవాడు, నేను పోయి చూస్తే అదే ఉండేది. ఇప్పుడు, "ఏడ దిగింది బిడ్డా?" అని అడుగుతున్నాడు. వయసు మీదికొచ్చింది, ఓపిక తగ్గింది అనుకున్నాను.

డిసెంబరు మొదట్లో ఒక పొద్దున ఐదో తరగతి పిల్లలు నా దగ్గరికి ఫిర్యాదుతో వచ్చారు.

"టీచర్, డ్రైవర్ మామ ఇయ్యాల మమ్మల్ని మస్తు తిట్టిండు. పాట పాడొద్దన్నడు. మాట్లాడొద్దన్నడు. దగ్గొద్దన్నడు!"

మా నాయిన పిల్లల్ని తిట్టడం నేనెన్నడూ వినలేదు. బస్సులో పిల్లల్ని చూసుకునే ఆయా ఆగమ్మ ఆ రోజు జ్వరంతో రాలేదు. అడ్డు చెప్పేవాళ్లు లేక వీళ్లు బస్సును నెత్తికెత్తుకుని ఉంటారు అనుకున్నాను.

"మంచి పని చేసిండు. పోయి కూసోండ్రి" అని పంపేశాను.

క్రిస్మస్‌కు ముందటి ఆదివారం పెన్సిల్ వరుసలో నలభై నాలుగు పడింది. ఇంటికొచ్చి నిరుటి పుస్తకం, ఈ ఏటి పుస్తకం పక్కపక్కన పెట్టుకున్నాను. ఎందుకో మొత్తం మార్కులు వదిలేసి దూరాల వారీగా విడదీశాను. నలభై గజాల దగ్గర నిరుడు రెండు వందల నాలుగు, ఇప్పుడు నూట తొంభై ఆరు. పెద్ద తేడా లేదు. అరవై గజాల దగ్గర నిరుడు నూట తొంభై. ఇప్పుడు ఎనభై తొమ్మిది, ఎనిమిది బాణాలు గడ్డిలో.

చెయ్యి వణికితే నలభై గజాల దగ్గరా పాడవ్వాలి. ఓపిక తగ్గితే చివరి బాణాలు పాడవ్వాలి. మేం ముందు వేసేది అరవై నుంచే. ఒళ్లు బాగుండి, చెయ్యి బాగుండి, దూరంగా ఉన్నది మాత్రమే తప్పుతోందంటే పాడైంది ఏమిటో లెక్కల పంతులమ్మకు ఒకరు చెప్పాలా? రేపు సోమవారం. పొద్దున ఆరున్నరకు నాయిన బస్సు తీస్తాడు.

సోమవారం పొద్దున అడగడానికి ధైర్యం చాలలేదు, సాయంత్రం మాత్రం పాపన్నపేటలో ఒక పిల్ల తండ్రిని కలవాలని అబద్ధమాడి బస్సెక్కాను. నాయిన వెనక సీటులోనే కూర్చున్నాను. ఆగమ్మ ముందు, తలుపు పక్కన, కాళ్లు బారజాపి కూర్చుంది. బస్సు ఊరు దాటి పడమటికి తిరిగింది. ఎండ సూటిగా అద్దంలోకి కొడుతోంది.

"అన్నా, గొర్లు. ఎడమకు పోతున్నయ్" అంది ఆగమ్మ. బస్సు నెమ్మదించింది. "ఎదురుంగ సైకిలు, ఇద్దరెక్కిండ్రు సూడు, సిగ్గులేదు. అగో, నర్సింగం చెరుకు బండి, మలుపు కాడ నిలవెట్టిండు." బస్సు కొంచెం కుడికి జరిగింది.

"ఇదేంది ఆగమ్మా, దారి పొడుగునా చెప్తనే ఉన్నవ్?" అని అడిగాను.

"దసరా కాడికెంచి గిదే ముచ్చట పంతులమ్మా," అని నవ్వింది. "ఏమేం వస్తున్నయో చెప్పు ఆగమ్మా, పొద్దు పోతదంటడు అన్న. నాకూ నోరు ఊకోదాయె."

నాయిన వెనక్కి తిరగలేదు. ఆయన మెడ మీద చెమట చూశాను. డిసెంబరు నెలలో చెమట. నేను ముందు సీటు కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాను. వెనక పిల్లలు పాట పాడుతున్నారు. వాళ్ల తల్లులు ఊరి మొదట్లో నిలబడి ఎదురుచూస్తుంటారు. ఆపు అని అరవాలనుంది.

కాలువ వంతెన వచ్చింది. ఇరుకు వంతెన, పక్కన గోడలు మోకాలెత్తు కూడా ఉండవు. యాసంగి పంటకు వదిలిన నీళ్లు కింద నిండుగా పోతున్నాయి. సరిగ్గా అప్పుడే వెనక ఒక పిల్ల వాంతి చేసుకుంది. "అయ్యో బిడ్డా" అంటూ ఆగమ్మ లేచి వెనక్కి పోయింది.

వంతెన మీద వరిగడ్డి బండి వస్తోంది. నాకు కనిపిస్తోంది. బస్సు నెమ్మదించడం లేదు.

"నాయినా! బండి! ఎడ్ల బండి!"

బ్రేకు పడింది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఎద్దు కొమ్ములు మా అద్దానికి మూరెడు దూరంలో ఆగాయి. బండివాడు నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాడు.

"చూసిన, చూసిన," అన్నాడు నాయిన. "ఎందుకట్ల ఒర్రుతవ్? పిల్లలు బెదురుతరు." ఆగమ్మ తిరిగొచ్చి తలుపు పక్కన కూర్చునేదాకా బస్సు కదపలేదు.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. మా అమ్మ ఐలమ్మ బియ్యం చెరుగుతోంది. చాట ఆపలేదు.

"నాకెర్క లేదా? రాత్రి దీపం కాడ కంచంల ఉప్పు ఏడున్నదో చేత్తోని దేవులాడుకుంటుండు."

"ఎర్కుండి ఊకున్నవా అమ్మా!"

"ఊకోక? బస్సు పోతే ఇల్లు పోతది. ఇల్లు పోతే ఎవలింటి ముందట నిలవడుదం? అడిగిన ఒకసారి. బోర్డు మీద చూడుపో, నా కన్నెట్లున్నదో ఊరంతా రాసిపెట్టింది, అన్నడు. ఇంకేమంట?"

నా ఒళ్లు మండిపోయింది. అమ్మ మీద కాదు. ఆ ఇరవై రెండును ప్రతి ఆదివారం ఇంకుతో, గుండ్రంగా, అందంగా రాసింది నేనే కదా. తప్పు రాయలేదు. రూలు ప్రకారమే రాశాను.

అయినా మర్నాడు నేనూ ఊరుకున్నాను. చెప్పొద్దూ, ఇల్లు గుర్తొచ్చింది. రెండు పూటలా ఏదో ఒక సాకుతో బస్సెక్కి, ఆగమ్మ నోరు ఎప్పుడు ఆగుతుందా అని చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత క్రిస్మస్ సెలవులు వచ్చాయి. పండుగ రోజు చర్చిలో అందరూ పాడుతుంటే నేను రోజులు లెక్కపెట్టుకున్నాను. జనవరి రెండున బడి తెరుస్తారు. ముప్పై రెండు మంది. వాళ్ల పేర్లన్నీ నాకు తెలుసు, హాజరు పిలిచేది నేనే.

జనవరి ఒకటో తారీఖు సాయంత్రం నాయిన అరుగు మీద కూర్చుని విల్లు తాడుకు మైనం రాస్తున్నాడు. నేను పుస్తకం తెచ్చుకుని పక్కన కూర్చున్నాను.

"నాయినా, ఒకాయన అంకెలు సదువుత. ఎట్లున్నడో చెప్పు."

"సదువు."

"ఇరవై ఏడు. ముప్పై ఒకటి. ముప్పై. ముప్పై ఆరు. నలభై ఒకటి. నలభై నాలుగు."

"ఎవలే? కొత్తగ చేరినోడా?"

"కాదు. పాతాయననే."

"అయితే పనైపోయింది," అన్నాడు నాయిన తాడు మీంచి చెయ్యి తీయకుండా. "విల్లు ఇడిసిపెట్టుమను, పానం మంచిగుంటది."

లోపల అమ్మ గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"అది నీదే నాయినా."

ఆయన మైనం రాస్తూనే ఉన్నాడు. తాడు ఈ కొస నుంచి ఆ కొస దాకా, మళ్లీ ఆ కొస నుంచి ఈ కొస దాకా.

"అరవై గజాల కాడనా?" అన్నాడు కొంచెం సేపటికి.

"అక్కడనే ఎక్కువ. నలభై కాడ మంచిగనే ఉన్నది."

తలూపాడు. అన్నం తిన్నాడు, పడుకున్నాడు. నాకు మాత్రం కన్నంటలేదు.

పొద్దున ఆరింటికి బస్సు ఇంజను మోత వినిపించింది. కాళ్లకు చెప్పులు కూడా లేకుండా షెడ్డు దగ్గరికి పరుగెత్తాను. నాయిన స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు. పోవద్దని చేతులు అడ్డం పెట్టి బస్సు ముందు నిలబడ్డాను. నన్ను చూశాడో, గుర్తుపట్టాడో తెలియదు. ఇంజను ఆపేసి దిగాడు.

"చలికి మొండికేస్తది ఇది. జర వేడి చేసిపెట్టిన. నా జాగల వచ్చేటోనికి తకలీఫ్ కావద్దు గదా. పా, నీ సుద్దముక్క, పుస్తకం పట్టుకో."

మసక వెలుతురులో ఇద్దరం గుట్ట కిందికి నడిచాం. నసీరుద్దీన్ సాబ్ అప్పటికే అక్కడుండి బాణాలు దిగే గడ్డి చాపల మీద మంచు దులుపుతున్నాడు. నాయిన నేరుగా బోర్డు దగ్గరికి పోయి, చేత్తో తడిమి, మొదటి గీతలో తన పేరు పక్కనున్న అంకెను తువ్వాలుతో తుడిచేశాడు.

"నలభై నాలుగు రాయి బిడ్డా."

"అరె, అరె, ప్రభాకర్!" సాబ్ పరుగెత్తుకొచ్చాడు. "సీజన్ల పెంచేది లేదు! ఫిబ్రవరి ఆఖరు దాక నువ్వు ఇరవై రెండే. రూల్ అది!"

"రూల్ బాణాలకు సాబ్. నా బండిల ముప్పై రెండు మంది పిల్లలున్నరు."

సాబ్ నా వైపు చూశాడు. నేను పుస్తకం తెరిచి పెన్సిల్ వరుస చూపించాను. ఆయన వేలితో ఒక్కొక్క అంకే దాటుకుంటూ కిందికి వచ్చాడు. "యా అల్లా" అని అక్కడే గడ్డి చాప మీద కూలబడ్డాడు. నేను నలభై నాలుగు రాశాను. రెండో నాలుగు గీత దాటి పక్కకు పోయింది.

రోజూ పొద్దున గుట్ట చుట్టూ నడిచే ఇంద్రకరణ్ సారు అప్పుడే అటు వచ్చాడు. బోర్డు చూసి నిలబడిపోయాడు.

"ఏందోయ్ ఇది?"

"మీరు రాసిచ్చిన కంటి కాగితం సార్," అన్నాడు నాయిన. "సరిచేస్తున్న." జేబులోంచి బస్సు తాళంచెవి తీసి చెయ్యి చాపాడు. సారు కొంచెం పక్కగా నిలబడి ఉన్నాడు. ఆ చెయ్యి ఎటు చాపి ఉందో చూసి, తనే రెండడుగులు జరిగి తాళంచెవి తీసుకున్నాడు.

మూడు రోజులు బస్సు నడవలేదు. నాలుగో రోజు అల్లాదుర్గ్ నుంచి కొత్త డ్రైవరు వచ్చాడు. మార్చి దాకా బడి ఇంట్లోనే ఉండొచ్చని, ఆ తర్వాత ఖాళీ చేయాలని సారు కబురు పంపాడు. మర్నాడు అమ్మ నా జీతానికి సరిపోయే గది ఎక్కడ దొరుకుతుందో వెతకడానికి తనే బయల్దేరింది.

ఆ నాలుగో రోజు సాయంత్రం ఆగమ్మ మా ఇంటికి వచ్చింది. అరుగు మీద నాయిన పక్కన కూర్చుంది గానీ కాళ్లు బారజాపలేదు.

"అలవాటు కొద్ది చెప్పిన అన్నా. బర్రెలొస్తున్నయ్ అన్న. కొత్తోడు నా మీద లేచిండు. నాకు కనవడ్తలేదా, నోరు మూస్కో, అన్నడు." ఆమె నాయిన వైపు తిరిగింది. "గప్పుడు సమజైంది నాకు. మూడు నెలలు నడిపింది నువ్వు కాదు, నేను. అన్నా, నాకొక్కనాడు పానం బాగలేక రాకపోయుంటే ఏమయ్యేటిది?"

"ఒకనాడు రాలేదు గదా నువ్వు," అన్నాడు నాయిన నెమ్మదిగా. "జరమొచ్చినప్పుడు."

నా చేతిలో చాయ్ గ్లాసు ఉంది. డిసెంబరు మొదట్లో ఒక పొద్దున, ఐదో తరగతి పిల్లలు, నా బల్ల ముందు. పాట పాడొద్దన్నడు. మాట్లాడొద్దన్నడు. దగ్గొద్దన్నడు.

"ఆనాడు ఎట్ల నడిపినవ్ నాయినా?"

"పిల్లలను సప్పుడు చెయ్యొద్దన్న. పొద్దు ఎదురు కొడితే అంత తెల్లగ అయితుండె, చెవుతోని నడిపిన." ఆయన కళ్లు వీధి వైపున్నాయి. "వంతెన మీద నీళ్ల సప్పుడు రెండు దిక్కుల ఒక్క తీరుగ వినవడాలె. ఒక దిక్కు ఎక్కువ వినవడితే ఆ దిక్కు పోతున్నట్టు."

ఆగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను గ్లాసు కింద పెట్టాను.

"అంటే నీకు అప్పటికే ఎర్కనే," అన్నాను.

నాయిన, బడిలో తప్పు చేసి దొరికిన పిల్లవాడు చెప్పే గొంతుతో చెప్పాడు.

"బోర్డు మీద ఇరవై రెండున్నది గదా బిడ్డా."